గేమ్‌లో రీస్టార్ట్ ఉంటుంది.. ట్రాక్‌ మీద ఉండదు! ‘నంబర్ 3’ డేల్ ఎర్న్‌హార్ట్ కథ ఇదీ

విశాఖలో మా ఇంట్లో అటక మీద నుంచి ఈ మధ్య ఓ పాత పీసీ దించాం. ఆన్ చేస్తే అందులో అన్నయ్య ఎప్పుడో వేసుకున్న గేమ్ ఒకటి అలాగే ఉంది. పేరు ‘నాస్కార్ రేసింగ్ 2003 సీజన్’. అమెరికాలో జరిగే స్టాక్ కార్ రేసుల గేమ్ ఇది. పాపిరస్ అనే కంపెనీ 2003 ఫిబ్రవరిలో రిలీజ్ చేసింది. ఇప్పటి మొబైల్ గేమ్స్‌తో పోలిస్తే బొమ్మలు పాతవే. కానీ కారు నడిపించడం మాత్రం అంత ఈజీ కాదు. స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పితే చాలు.. నేరుగా వెళ్లి గోడకు గుద్దుకోవడమే.

ఇందులో ఫ్యాన్స్ ఎక్కువగా ఇష్టపడే కారు ఒకటుంది. నల్ల రంగు షెవర్లే, దాని మీద తెల్లగా 3 నంబర్. గేమ్ వచ్చేనాటికే దాని డ్రైవర్ చనిపోయి రెండేళ్లయింది. అయినా ఫ్యాన్స్ ఆ పెయింట్‌ను సొంతంగా తయారు చేసుకుని మరీ గేమ్‌లో వేసుకున్నారు. ఇంతకీ ఎవరా డ్రైవర్? ఆయన కోసం ఇంత అభిమానం ఎందుకు?

మిల్లు ఊరి కుర్రాడు

ఆయన పేరు డేల్ ఎర్న్‌హార్ట్. 1951 ఏప్రిల్ 29న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, కన్నపోలిస్‌లో పుట్టారు. బట్టల మిల్లు చుట్టూ పెరిగిన ఊరది. మన చిట్టివలస జూట్ మిల్లు సంగతి తెలిసినవాళ్లకు అలాంటి ఊరు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. తండ్రి రాల్ఫ్ కూడా రేసరే. 1956లో నాస్కార్ స్పోర్ట్స్‌మన్ విభాగంలో ఛాంపియన్. ఇంటి వెనక షెడ్డులో కార్లు విప్పి బిగించేవారు. డేల్ చదువు కంటే ఆ షెడ్డులోనే ఎక్కువ నేర్చుకున్నారు.

తొమ్మిదో తరగతిలోనే బడి మానేశారు. ఇది తండ్రికి అస్సలు నచ్చలేదు. 1973లో తండ్రి గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లే. కొడుకు పెద్ద రేసుల్లో గెలవడం ఆయన చూడలేకపోయారు.

ఏడుసార్లు ఛాంపియన్

1975లో షార్లెట్ ట్రాక్‌ మీద డేల్ తొలిసారి పెద్ద సిరీస్‌లో దిగారు. చేతిలో డబ్బుల్లేవు, పర్మినెంట్ టీమ్ లేదు. 1979లో దశ తిరిగింది. బ్రిస్టల్‌లో తొలి గెలుపు, ఆ ఏడాది ఉత్తమ కొత్త డ్రైవర్ అవార్డు. మరుసటి ఏడాదే, 1980లో, ఏకంగా ఛాంపియన్ అయిపోయారు. ఆ తర్వాత రిచర్డ్ చిల్డ్రెస్ టీమ్‌తో కలిసి 1986, 87, 90, 91, 93, 94లో టైటిల్స్ కొట్టారు. మొత్తం ఏడు. రిచర్డ్ పెట్టీ రికార్డును సమం చేశారు. కెరీర్‌లో గెలిచిన రేసులు 76.

ఆయన స్టైలే వేరు. ముందు కారు దారివ్వకపోతే వెనక బంపర్‌కు చిన్న టచ్ ఇచ్చేవారు. అద్దంలో ఆ నల్ల కారు కనిపిస్తే చాలు, ముందున్న డ్రైవర్‌కు చెమటలు పట్టేవి. అందుకే ఇంటిమిడేటర్ అని పేరు పడింది. అంటే భయపెట్టేవాడు అన్నమాట. 1996లో టల్లడేగాలో ఘోర ప్రమాదం జరిగింది. కాలర్ ఎముక, రొమ్ము ఎముక విరిగాయి. కొద్ది రోజులకే వాట్కిన్స్ గ్లెన్ క్వాలిఫయింగ్‌లో అందరికంటే ఫాస్ట్‌గా తిరిగి పోల్ పొజిషన్ కొట్టేశారు!

20వ ప్రయత్నంలో..

అన్నీ గెలిచినా డేటోనా 500 మాత్రం చిక్కలేదు. 1990లో అయితే చివరి ల్యాప్‌లో లీడ్‌లో ఉండగా టైరు దెబ్బతింది. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదు. 1998లో రేసుకు ముందు వీల్‌చెయిర్‌లో వచ్చిన ఆరేళ్ల పాప ఆయనకు అదృష్టం కోసం ఒక పెన్నీ నాణెం ఇచ్చింది. దాన్ని డ్యాష్‌బోర్డ్‌కు అంటించి బరిలోకి దిగారు. 20వ ప్రయత్నంలో గెలిచారు. అప్పుడు ప్రత్యర్థి టీమ్‌ల మెకానిక్‌లు కూడా లైన్‌లో నిలబడి ఆయనతో చేతులు కలిపారు.

ఆ ఆఖరి మలుపు

2001 ఫిబ్రవరి 18. మళ్లీ డేటోనానే. చివరి ల్యాప్. ముందు మైఖేల్ వాల్‌ట్రిప్, రెండో స్థానంలో కొడుకు డేల్ జూనియర్. ఇద్దరూ డేల్ సొంత టీమ్ డ్రైవర్లే. మూడో స్థానంలో డేల్. వెనక కార్లు తరుముకొస్తున్నాయి. నాలుగో మలుపులో కారు అదుపు తప్పింది. గంటకు 250 కిలోమీటర్లకు పైగా వేగంతో కాంక్రీట్ గోడను ఢీకొంది.

టీవీలో చూసినవాళ్లకు అది పెద్ద ప్రమాదంలా అనిపించలేదు. అంతకంటే ఘోరమైనవి చూసి ఉన్నారు మరి. కానీ పుర్రె అడుగుభాగం విరిగి డేల్ చనిపోయారు. వయసు 49. అక్కడ వాల్‌ట్రిప్ 462 రేసుల ఓటమి తర్వాత తొలిసారి గెలిచారు. ఆ గెలుపును తనకు ఛాన్స్ ఇచ్చిన బాస్‌తో పంచుకోలేకపోయారు.

ఆ ఒక్క మరణం మార్చింది ఇదే

అంతకుముందు ఏడాది కూడా నాస్కార్‌లో ముగ్గురు యువ డ్రైవర్లు ప్రమాదాల్లో పోయారు. తల ముందుకు విసురుగా ఊగకుండా హెల్మెట్‌ను భుజాల దగ్గర పట్టి ఉంచే హాన్స్ అనే పరికరం అప్పటికే ఉంది. కానీ వాడకం తప్పనిసరి కాదు. డేల్ అయితే ముఖం కనిపించే పాతకాలం హెల్మెట్‌తోనే రేసుల్లో దిగేవారు, హాన్స్ పెట్టుకోలేదు.

ఆయన పోయాక రూల్స్ మారాయి. 2001 అక్టోబర్‌లో తల, మెడకు రక్షణ పరికరం తప్పనిసరి చేశారు. 2002 నుంచి ట్రాక్ గోడలకు సేఫర్ బ్యారియర్లు రావడం మొదలైంది. ఇందులో స్టీల్ గొట్టాలను వరుసగా వెల్డింగ్ చేసి, వెనక ఫోమ్ పెడతారు. కారు గుద్దితే గోడ కాస్త వెనక్కి తగ్గి దెబ్బను తాను మింగుతుంది. ఉక్కు ఊరివాళ్లం కదా, ఈ సంగతి మనకు ఇట్టే అర్థమవుతుంది. ఆ రోజు తర్వాత నాస్కార్ టాప్ సిరీస్ రేసుల్లో ఒక్క డ్రైవర్ కూడా చనిపోలేదు.

పాపిరస్ కంపెనీ 2004లో మూతపడింది. ఆ గేమ్ కోడ్‌ నుంచే ఐరేసింగ్ పుట్టింది. ఇప్పుడు నిజమైన డ్రైవర్లు కూడా దాంట్లో ప్రాక్టీస్ చేస్తున్నారు. ఇలాంటి గేమ్స్ అంటే పడిచచ్చే డేల్ జూనియర్ కూడా వాళ్లలో ఒకరు.

మా పాత పీసీలో ఆ నల్ల కారును నాలుగో మలుపులో గోడకు ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. ఒక్క బటన్ నొక్కితే మళ్లీ కొత్త కారు వచ్చేస్తుంది. ఆర్కే బీచ్ రోడ్డు మీద, గాజువాక హైవే మీద ఆ బటన్ ఉండదు. కాబట్టి బండి తీసేటప్పుడు హెల్మెట్ పెట్టుకోండి. పోలీసులు కనిపించేదాకా చేతికి తగిలించుకోకుండా, తలకు పెట్టి క్లిప్ కూడా బిగించండి.