సర్ హ్యూ కెయిర్న్సు: శిరస్త్రాణమును వెదకిన శస్త్రవైద్యుడు

ప్రతిదినము ఉదయమున మా పాఠశాల ద్వారమునొద్ద నిలిచి చూచువారికి నొక దృశ్యము కనబడును. తండ్రులు, పినతండ్రులు, అన్నలు తమ పిల్లలను మోటారు సైకిళ్లమీద దెచ్చి దింపి పోవుచుందురు. వారిలో కొందరి హెల్మెట్టు శిరస్సుననే యుండును. కొందరిది ముంజేతికి వ్రేలాడుచుండును. మరికొందరిది పెట్రోలు టాంకిమీద దర్జాగా కూర్చుండి ప్రయాణము చేయుచుండును. ఈ వస్తువు అలంకారము గాదనియు, ప్రాణరక్షకమనియు లెక్కలతో రుజువు చేసిన వైద్యుని చరిత్రము నీ సంచికలో వ్రాయదలచితిమి. ఆయన పేరు శస్త్రవైద్యులలో మిక్కిలి ప్రసిద్ధము. ఆయన కృషివలన బ్రదికి బట్టగట్టినవారిలో మాత్రము పెక్కురు ఆ పేరు వినియుండరు.

హ్యూ విలియం బెల్ కెయిర్న్సు 1896వ సంవత్సరము జూను 26వ తేదీన దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్టు పిరీ యను రేవు పట్టణమున జన్మించెను. తండ్రి స్కాట్లండు దేశమునుండి వలసవచ్చిన కొయ్యపనివాడు. హ్యూ వారికి ఏకైక పుత్రుడు. బాల్యము రివర్టన్ అను చిన్న యూరిలో గడచెను. అచ్చటి బడినుండి విద్యార్థి వేతనము సంపాదించి అడిలెయిడు హైస్కూలున జేరి, పిదప ఆ నగరపు విశ్వవిద్యాలయముననే వైద్యము నభ్యసించెను. నడుమ మొదటి ప్రపంచ యుద్ధము వచ్చుటచే చదువు నాపి, సైన్య వైద్యశాఖలో జేరి లెమ్నోసు ద్వీపమున బనిచేసెను. మరలివచ్చి 1917లో పట్టము నొందెను. ఆ యేడే రోడ్సు విద్యార్థి వేతనము లభించినను, యుద్ధము ముగిసిన తరువాత గాని ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలకు బోవ వీలుకాలేదు.

ఆటలయం దాసక్తిగల మా బాలుర కొరకు ఒక మాట. 1920లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల నడుమ జరిగిన పడవ పందెమున కెయిర్న్సు ఆక్స్‌ఫర్డు పక్షమున తెడ్డు వేసెను. ఆ యేడు గెలిచినది కేంబ్రిడ్జి. 1921లో బేలియల్ కళాశాలాధ్యక్షుడగు స్మిత్తుగారి కుమార్తె బార్బరాను వివాహమాడి, లండను హాస్పిటలులో శస్త్రవైద్యుడుగా స్థిరపడెను.

ఆ కాలమున మెదడునకు శస్త్రము చేయుట యనిన వైద్యులే జంకెడివారు. ఆ విద్యకు మార్గదర్శియైన హార్వే కుషింగు అమెరికాలోని బోస్టను నగరమున నుండెను. కెయిర్న్సు 1926లో ఆయనకడకు బోయి యొక సంవత్సరము శిష్యరికము చేసెను. తిరిగివచ్చిన పిమ్మట ఇంగ్లండున ఈ శస్త్రశాఖను నెలకొల్పిన కొద్దిమందిలో నొకడయ్యెను.

ఇట్లుండగా 1935వ సంవత్సరము మే నెలలో ఆయనకు డార్సెట్ సీమనుండి పిలుపు వచ్చెను. అరేబియా లారెన్సు అని లోకమెల్ల నెరిగిన టి. ఇ. లారెన్సు బోవింగ్టన్ సైనిక వైద్యశాలలో స్మృతి దప్పి పడియుండెను. ఈ లారెన్సు మొదటి యుద్ధమున అరబ్బుల తిరుగుబాటునకు తోడ్పడి గొప్ప కీర్తి గడించియు, పిదప దానిని రోసి, మారుపేరుతో వైమానిక దళమున సామాన్య సైనికుడుగా జేరినవాడు. 1927, 1928 సంవత్సరములలో కొంతకాలము కరాచీలోగూడ బనిచేసెను. ఆయనకు మోటారు సైకిళ్లనిన ప్రాణము. నాటింగ్‌హాములో తయారగు బ్రఫ్ సుపీరియర్ బండ్లు ఒకదానితరువాత నొకటిగా ఏడింటిని కొనెను. ఆ బండ్లకు బోయనేర్గెసు అని పేరిడెను. యాకోబు యోహానులకు బెట్టబడినట్లు మార్కు సువార్తలో మనము చదువు పేరే యిది. ఉరుము కుమారులని దాని యర్థము. ఆ యంత్రపు మ్రోత విన్నవారి కా పేరు తగియున్నదని తోచియుండును.

ఉద్యోగము విరమించి రెండు మూడు నెలలైన గాలేదు. మే 13వ తేదీన లారెన్సు సైనిక శిబిరపు తపాలా కచ్చేరికి బోయి, ఒక తంతి నంపి, క్లౌడ్సు హిల్ అను తన కుటీరమునకు మరలి వచ్చుచుండెను. బాట పల్లముగా దిగి మరల లేచుచోట, సైకిళ్లమీద బోవు ఇద్దరు బాలురు తటాలున ఎదుట గనబడిరి. వారిని తప్పింపబోయి ఆయన బండిమీదనుండి ముందునకు విసరివేయబడెను. తలపై నే రక్షణయు లేదు. ఆరు దినములు స్మృతిలేక పడియుండి మే 19వ తేదీన మరణించెను. వయస్సు 46 ఏండ్లు. కెయిర్న్సు మున్నగు వైద్యులు తమ విద్యనంతయు వినియోగించిరి గాని ఫలము లేకపోయెను.

శస్త్రవైద్యుడు చేయగలిగినది, పుఱ్ఱె పగిలినపిదప మిగిలినదానిని సవరించుటయే. ఆ దెబ్బ తగులకముందే చేయదగిన దేదైన గలదా యను ప్రశ్నకు ఆయన ఆసుపత్రిలో బదులు లేదు. ఈ మరణము కెయిర్న్సును ఆ ప్రశ్నవైపు ద్రిప్పినదని ఆయన చరిత్రను బరిశీలించినవారు చెప్పుదురు.

నిజమునకు శిరస్త్రాణము అప్పటికే కలదు. బ్రూక్‌లండ్సు పందెపు బాటయందు వైద్యాధికారిగా నుండిన ఎరిక్ గార్డనరు, అచ్చట తల దెబ్బలను జూచి చూచి, గట్టి గుడ్డకు లక్క పట్టించి యొక టోపీని చేయించెను. 1914లో మాన్ ద్వీపపు పందెములలో పాల్గొనువారు దానిని తప్పక ధరింపవలసి వచ్చెను. ఐనను పందెగాండ్రు ధరించునది తమకేల యని బాటసారులు తలచిరి. పందెపు బాటకంటె ఊరి బాటయే సురక్షితమని అందరు నమ్ముట వింతగా నున్నది. పందెపు బాటలో ఎదురుగా ఎద్దుబండి రాదు, నడుమ కుక్క పరువెత్తదు, మలుపున సైకిళ్లమీద బాలురు నుండరు.

1936లో లార్డ్ నఫీల్డు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు వైద్యవిద్య నిమిత్తము సుమారు 20 లక్షల పౌనులు దానమిచ్చెను. ఈయన ఆక్స్‌ఫర్డులో సైకిళ్లు బాగుచేయుటతో జీవితము నారంభించి, మోరిస్ కార్ల నిర్మాణమున ధనవంతుడైనవాడు. అచ్చట వైద్య పాఠశాల వెలయుటకు కెయిర్న్సు మిగుల పాటుపడెను. 1937లో ఆయనయే నఫీల్డు పేరిట నేర్పడిన శస్త్రవైద్య పీఠమునకు మొదటి ఆచార్యుడయ్యెను.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. వైరి విమానముల భయమున ఇంగ్లండున రాత్రులు దీపము లార్పివేయబడెను; వాహనముల దీపములకు గూడ మూతలు వేసిరి. ఆ చీకటిలో ఉత్తరువులు గొనిపోవు సైనికులు మోటారు సైకిళ్లపై వేగముగా బోవుచుండిరి. సెయింటు హ్యూస్ అను స్త్రీల కళాశాలను 1940లో తల దెబ్బలవారికి ప్రత్యేక వైద్యశాలగా మార్చిరి. యుద్ధకాలమునం దచ్చట సుమారు 13 వేలమంది చికిత్స పొందిరి. శత్రువు తుపాకి యెన్నడును చూడనివారు, స్వదేశపు బాటలలోనే పుఱ్ఱెలు పగిలి అచ్చటికి మోసికొని రాబడుచుండిరి.

కెయిర్న్సు లెక్కలు తీసెను. యుద్ధము మొదలైన 21 మాసములలో 2,279 మంది మోటారు సైకిలు నడుపువారును, వెనుక గూర్చుండువారును మరణించిరి. మరణములకు కారణములలో తల దెబ్బయే ముఖ్యము. ఈ సంగతులను ఆయన 1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించెను. అప్పటికి శిరస్త్రాణము ధరించి ప్రమాదమునకు లోనైనవారిని ఏడుగురినే చూడగలిగెను. ఆ యేడుగురును బ్రదికిరి. ఏడు మిగుల స్వల్ప సంఖ్య. గణితము బోధించువారమగుటచే మేమీ మాట చెప్పక తప్పదు. ఐనను అది చాలునని ఆయన ఊరకుండలేదు. ఆ నవంబరు నెలలోనే సైనికులు విధిమీద మోటారు సైకిలు నడుపునప్పుడు శిరస్త్రాణము ధరింపవలెనని సైన్యము ఉత్తరు విచ్చెను. ఇక ధరించినవారి ప్రమాదములు పెక్కు ఆయన పరిశీలనకు వచ్చెను.

ఏ శిరస్త్రాణము మేలు? ఇది రెండవ ప్రశ్న. ఈ పనిలో ఆయనకు హోల్‌బర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు తోడుపడెను. ఈయన జిలాటినుతో మెదడు నమూనాలు చేసి, తల గిఱ్ఱున తిరిగినప్పుడు లోపలి పదార్థ మెట్లు చీలిపోవునో కనిపెట్టెను. సైనికులు వాడిన టోపీలు రెండు విధములు. ఒకటి గట్టిపరచిన రబ్బరుది. మరియొకటి కాగితపు గుజ్జుతో చేసినది. రెండింటి లోపలను పట్టీల యల్లిక యుండి తలను పై చిప్పకు దగులనీయక పట్టుకొనును. ఏ దెబ్బకు ఏది యెట్లు పనిచేసినదో పోల్చి, వారిరువురును 1943లో మరియొక వ్యాసము వ్రాసిరి. టోపీ చేయు పని మా క్రికెట్టు పిల్లలు సులభముగా గ్రహింతురు. వేగముగా వచ్చు బంతిని చేతులు బిగించి పట్టినచో అరచేయి మండును. చేతులను వెనుకకు లాగుచు పట్టినచో మండదు. బంతి ఆగుటకు పట్టు కాలము కొంచెము పెరిగినది, అంతే. శిరస్త్రాణమును తల ఆగుటకు అట్టి క్షణభాగమును సంపాదించి యిచ్చును. దెబ్బను ఒక్కచోట గుచ్చుకొననీయక విశాలముగా పఱచును.

1946లో కెయిర్న్సు మరల లెక్కలు ప్రకటించెను. 1941 నవంబరు మొదలు మోటారు సైకిళ్ల మరణములు క్రమక్రమముగా తగ్గినవి. 1942 జూలై నుండి పౌరులకు సొంతపనుల పెట్రోలు ఆపివేయబడినందున బండ్లే తగ్గినవి గదా యని యెవరైన నడిగిన, ఆ ప్రశ్న న్యాయమైనదే. తగ్గుదల యంతయు టోపీవలననే యని మేము చెప్పము. కాని వైద్యశాలలోనికి వచ్చినవారిని చూచినవాని సాక్ష్యము లెక్కతో నేకీభవించుచున్నది.

ఇచ్చట కథ నొకింత యాపి స్వవిషయ మొకటి చెప్పవలసియున్నది. మా పాఠశాలలో పదవ తరగతి ముగించి వెళ్లిన యొక యువకుడు రెండేండ్ల క్రిందట బాటప్రమాదమున మరణించెను. పేరు వ్రాయము, ఆతని తల్లి యీ సంచికను చదువును. ఆతనికి హెల్మెట్టు లేకపోలేదు. బండి ప్రక్కనున్న కొక్కెమునకు తాళము వేయబడి చెక్కు చెదరక యుండెను. అది మొదలు తలిదండ్రులు మమ్ముల నెట్టిది కొనవలెనని యడుగుచున్నారు. తెలిసినంత చెప్పుదుము.

కెయిర్న్సు కాలపు టోపీ నడినెత్తిని మాత్రమే కాపాడెడిది. 1953లో కాలిఫోర్నియా పరిశోధకులు, దెబ్బకు నలిగిపోవు మెత్తని పొర గల శిరస్త్రాణమునకు పేటెంటు పొందిరి. నేటి హెల్మెట్టులలో గట్టి చిప్పక్రింద నుండు తెల్లని పొర, మనము థర్మాకోలు అనెడి జాతిదే. అది నలిగి ప్రాణము నిలుపును; నలిగినది మరల లేవదు. కావున గట్టి దెబ్బ తిన్నదానిని, పైకి బాగుగా గనబడినను, పారవేయవలెను. ముఖమంతయు గప్పు ఫుల్ ఫేస్ హెల్మెట్టును ఆ దేశపు బెల్ కంపెనీ ప్రచారమునకు దెచ్చెను. 1968లో డాన్ గర్నీ యను పందెగాడు జర్మనీలో దానిని ధరించి ఫార్ములా వన్ పందెమున కారు నడపెను. జర్మనీలోని హన్నోవరు ప్రాంతమున పరిశోధించినవారు, హెల్మెట్టులపై తగిలిన దెబ్బలలో సుమారు మూడవవంతు గడ్డము భాగముననే యని కనుగొనిరి. కావున దవడను విడిచి నడినెత్తిని మాత్రము కప్పునది సగము తలుపు వేసిన యిల్లు వంటిది.

కొనునపుడు కనుబొమల పైగా తల చుట్టుకొలతను టేపుతో కొలువుడు. పెట్టుకొని తలను ప్రక్కలకు ద్రిప్పినపుడు టోపీతోడనే చెక్కిళ్ల చర్మము కదలవలెను. టోపీ తానొక్కటే తిరిగిన అది మీ తలకు పెద్దది. గడ్డపు పట్టీ బిగించి వెనుకనుండి పైకెత్తి చూడుడు. ఊడివచ్చునది బాటమీదను ఊడిపోవును. వచ్చే యేటికి ఎదుగునని పిల్లలకు చొక్కా ఒక కొలత పెద్దది కుట్టించు వాడుక మనకు గలదు. హెల్మెట్టున ఆ మితవ్యయము పనికిరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెను, 2021 జూను 1 మొదలు ఆ ముద్ర లేనిదానిని అమ్ముట నిషిద్ధము. మోటారు వాహనముల చట్టపు 129వ సెక్షను, 2019లో సవరింపబడినపిమ్మట, నాలుగేండ్లు దాటిన పిల్లలకును దీనిని విధించుచున్నది. మా వేసవిలో ఉక్కపోయునన్న మాట నిజమే. గాలి రంధ్రములు గలదానిని, లోపలి గుడ్డను విప్పి ఉతుకుటకు వీలైనదానిని కొనుడు.

ఇక కెయిర్న్సు కథకు మరలుదము. 1943లో ఆయన తన అడిలెయిడు పట్టణస్థుడే యగు ఫ్లోరీతో గలిసి ఉత్తర ఆఫ్రికా యుద్ధభూమికి బోయి, పెనిసిలిను గాయములపై నెట్లు పనిచేయునో పరీక్షించెను. 1945 డిసెంబరులో కారు ప్రమాదమున మెడ విరిగిన అమెరికా సేనాని పాటనును చూచుటకు విమానమున హైడెల్‌బర్గునకు బోయెను గాని, ఆయనయు దక్కలేదు. 1946లో సర్ బిరుదము వచ్చెను. 1952 జూలై 18వ తేదీన, 56వ యేట, కాన్సరు వ్యాధిచే ఆక్స్‌ఫర్డులో మరణించెను. మోటారు సైకిలు నడుపు పౌరులెల్లరు శిరస్త్రాణము ధరింపవలెనను శాసనము బ్రిటనులో అమలునకు వచ్చినది 1973 జూను 1వ తేదీన. అప్పటికి లారెన్సు మరణించి 38 ఏండ్లును, కెయిర్న్సు మరణించి 21 ఏండ్లును కావచ్చెను.