జాన్ లోగీ బెయిర్డు గారి జీవిత చరిత్రము

ట్యూనరు లేని టెలివిజన్ పెట్టెలు అంగళ్లకు వచ్చిన యీ దినములలో, బొమ్మను దూరమునకు పంపి చూపిన బెయిర్డు గారి చరిత్రమును మన విద్యార్థులకు చెప్పుట యుచితమని తలంచితిమి.

వీరు 1888 ఆగస్టు 13 వ తేదీన స్కాట్లాండునందలి హెలెన్సుబరో పట్టణమున ఒక పాదిరిగారి యింట జన్మించిరి. బాల్యమునుండియు రోగపీడితులు. మొదటి ప్రపంచ యుద్ధమున సైన్యమువారు వీరిని పనికిరారని త్రోసివేసిరి. మేజోళ్లమ్మిరి, ట్రినిడాడు దీవికి పోయి జాము వండించిరి, దేనియందును నిలువలేదు.

1923 లో హేస్టింగ్సు చేరి, తేయాకు పెట్టె, టోపీ పెట్టె, కుట్టుసూదులు, సైకిలు దీపపు టద్దములు, లక్క మున్నగువానితో యంత్రమును కూర్చిరి. ఈ సామానుల పట్టికను చదివినప్పుడెల్ల మాకు నవ్వును గౌరవమును ఒక్కసారిగా కలుగును. చిల్లులుగల చక్రము తిరుగుచు ఎదుటి రూపమును గీతలుగా విడదీయును. ఆ వెలుగునీడలు విద్యుత్తుగా మారి పోయి, ఆవలి చక్రము చెంత మరల బొమ్మయగును. 1924 లో వీరు విద్యుద్ఘాతము తగిలి క్రిందపడగా, ఇంటి యజమాని గది ఖాళీ చేయుమనెను. అయినను 1926 జనవరి 26 న లండనులో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులకు మానవ ముఖమును చూపిరి.

మరుసటి సంవత్సరము మే నెలలో లండనునుండి గ్లాస్గోకు 438 మైళ్లు బొమ్మను పంపిరి. ఆకాశ తరంగములపై గాదు, టెలిఫోను తీగెపై! ఏరియల్ పట్టిన తరంగములలో కోరినదానిని ఏరుకొనునది ట్యూనరు. తీగె వెంట వచ్చు బొమ్మకు దానితో పనిలేదు. 2021 డిసెంబరున జపానులో డాన్ కిహోటే దుకాణములవారు ఇంటర్నెట్టుతోనే పనిచేయు ట్యూనరులేని పెట్టెలను అమ్మజూపిరి. వానిని కొన్నవారికి జాతీయ ప్రసార సంస్థకు రుసుము కట్టు బాధ్యతయు తప్పెను. స్విట్జర్లాండు జాతీయ సంస్థ 2019 జూన్ 3 ననే ఏరియల్‌కు అందు టెలివిజన్ ప్రసారమును మానివేసెను.

ఇట్టి మార్పు బెయిర్డు గారికిని తప్పలేదు. 1929 లో బి.బి.సి. కేంద్రమునుండి వారి 30 గీతల బొమ్మలు ప్రసారమగుచుండగా జనులు పెట్టెలు కొనిరి. 1935 సెప్టెంబరున ఆ ప్రసారము నిలిచెను. పెట్టెలు చెడిపోలేదు, వానికి బొమ్మను పంపువారే లేకపోయిరి. నెలనెల ఇంటర్నెట్టు రుసుము కట్టలేక ఏరియల్‌నే నమ్ముకొనిన నేటి బీదయిండ్ల చింతయు నిదియేకదా.

1936 నవంబరున వీరి 240 గీతల పద్ధతియు, మార్కోనీ-ఇ.ఎం.ఐ. వారి 405 గీతల పద్ధతియు వారము విడిచి వారము పోటీపడెను. ఆ నెల చివరనే క్రిస్టల్ పేలసు అగ్నిప్రమాదమున వీరి ప్రయోగశాలలు కాలిపోయెను. 1937 ఫిబ్రవరిలో బి.బి.సి. వారు వీరి పద్ధతిని విడిచిపెట్టిరి. వీరు పని మానక, 1944 లో రంగుల బొమ్మను చూపు గాజు గొట్టమును ప్రదర్శించిరి.

యుద్ధకాలమున ఆగిన టెలివిజన్ ప్రసారము 1946 జూన్ 7 న లండనులో తిరిగి మొదలయ్యెను. జూన్ 14 న బెక్సుహిల్ పట్టణమున బెయిర్డు గారు మరణించిరి.