గాలం పట్టిన చేతులే బాయికి దీపం పెట్టినయ్

చెరువు కట్ట మీద గాలమేసుకొని కూసున్న పోరన్ని చూస్తే మన ఊర్లల్ల ఏమంటరు? పనీపాట లేనోడంటరు. గట్లయితే హంఫ్రీ డేవీ గూడ బతుకంత పనిలేనోడే! కాని బొగ్గు బాయిల దిగెటోళ్ల పానాలు కాపాడే దీపం చేసింది ఆయనే.

డేవీ 1778లో ఇంగ్లండ్ పడమటి కొసన, సముద్రం ఒడ్డునున్న పెంజాన్స్‌ల పుట్టిండు. నాయిన కట్టె మీద బొమ్మలు చెక్కెటోడు. డేవీకి పదహారేండ్లప్పుడు అప్పులు మిగిల్చి పోయిండు. ఐదుగురు పిల్లల్ల డేవీనే పెద్దోడు. ఓ వైద్యుని కాడ పని నేర్వ కుదిరిండు. కాలేజీ మొఖం చూడలే, పుస్తకాలు ముందటేసుకొని సొంతంగ రసాయన శాస్త్రం నేర్చిండు. చిన్నప్పుడు అంటిన చేపల యావ మాత్రం ఇడిసిపెట్టలే.

1801లో లండన్‌ల రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ల కొలువు దొరికింది. 1807లో బ్యాటరీ కరెంటు పారిచ్చి పొటాషియం, సోడియం వేరు చేసిండు. దునియంత పేరొచ్చింది. అయినా తీరిక దొరికితే ఏటి ఒడ్డుకే పోయేటోడు. చేప కంట్ల పడొద్దని ఆకుపచ్చ బట్టలు, టోపీకి గుచ్చిన ఉత్తుత్తి ఈగలు. గదీ ఆయన ఏశం!

1812లో ఫెల్లింగ్ బొగ్గు బాయి పేలి 92 మంది సచ్చిపోయిండ్రు. అండ్ల పిలగాండ్లు గూడ ఉన్నరు. బాయిల ఊరే గ్యాస్‌కు దీపం మంట అంటుకుంటే గంతే సంగతి. 1815లో డేవీ స్కాట్లాండ్ దిక్కు సెలవుల్ల ఉండంగ, ఏదన్న ఉపాయం చెప్పుమని ఉత్తరమొచ్చింది. వాపసొచ్చుకుంట బొగ్గు బాయిల కాడ ఆగిండు. ఆ గ్యాస్‌ను తెప్పిచ్చుకొని పరీక్ష చేసిండు. మంట చుట్టూ సన్నని తీగ జాలి కడితే, జాలి వేడిని గుంజుకుంటది, బయటి గ్యాస్‌కు నిప్పంటదు. కొన్ని నెలల్లనే దీపం తయారైంది. పేటెంట్ తీస్కుంటే పైసలే పైసలు. కాని తీస్కోలే. తర్వాత మన దేశపు బొగ్గు బాయిల్ల గూడ ఇసొంటి దీపాలే గ్యాస్ జాడ చెప్పినయ్.

1826 ఆఖర్ల పక్షవాతం కొట్టింది. మరుసటేడు రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇడిసిండు. ప్రయోగశాల దూరమైంది. ఏరు మాత్రం దూరం కాలే. ఆల్ప్స్ కొండల దిక్కు, సావా నది ఒడ్డుకు పోయిండు. రోగంతోనే చేపల మీద, గాలం మీద, నీళ్ల మీదాడే ఈగల మీద 'సాల్మోనియా' అనే పుస్తకం రాసిండు. అది 1828లో అచ్చయింది. మరుసటేడే జెనీవాల కన్ను మూసిండు. యాభై ఏండ్లే బతికిండు.

గాలమేసెటోడు నీటి కదలిక చూడాలె, ఎండ చూడాలె, పురుగును చూడాలె, ఓపిక పట్టాలె. ప్రయోగశాల పని గూడ గదే కదా!

తమ్ముడూ, కొలువు కోసం చదువు. గాని గాలం కట్టె ఇరగ్గొట్టకు. కొలువు, కుర్చీ పోయిన నాడు డేవీకి తోడున్నది అదే.