యల్లాప్రగడ సుబ్బారావు: ఆయన ల్యాబ్‌లో పుట్టిన మందు.. ఆ కంపెనీపైనే కోర్టుకెక్కిన భారత్!

మేడ్చల్, శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. వ్యాక్సిన్లు, మందుల రీసెర్చ్.. ఇక్కడి ల్యాబుల్లో పేటెంట్ అనేది రోజూ వినే మాటే. మరి ఆ పేటెంట్‌ని అడ్డం పెట్టుకుని పోటీయే లేకుండా చేస్తే? ఈ ప్రశ్న మీద అమెరికాలో జరిగిన ఓ పెద్ద కేసు వెనక మన భీమవరం డాక్టర్ కథ ఉంది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకుంటే ప్రొఫెసర్‌కి నచ్చలేదు. ఫలితం.. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టా! ఈలోగా ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ దెబ్బ ఆయన్ని వదల్లేదు.

1920ల్లో బోస్టన్ చేరారు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. శరీరానికి శక్తినిచ్చే ఏటీపీపై పరిశోధన కూడా అక్కడే. అయినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో అమెరికన్ సయనమిడ్‌కి చెందిన లెడర్లీ ల్యాబ్‌కి మారారు. తర్వాత రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే హెట్రజాన్.. అన్నీ ఆయన టీమ్ పనే. సోదరుల్ని తీసుకెళ్లిన స్ప్రూకి అదే ఫోలిక్ యాసిడ్ మందుగా పనికొచ్చింది.

ఇక ఆరియోమైసిన్. ఊరూరా మట్టి శాంపిల్స్ తెప్పించి వెతికించారు. డెబ్బై దాటిన డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకి మిస్సోరి మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది అదే. 1948 జులైలో లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53.

అసలు గొడవ ఆ తర్వాతే. ఆరియోమైసిన్‌లోని క్లోరిన్ తీసేసి ఫైజర్ శాస్త్రవేత్త కానోవర్ టెట్రాసైక్లిన్ తయారు చేశారు. పేటెంట్ మాదంటే మాదని సయనమిడ్, ఫైజర్ రెండూ దిగాయి. చివరికి కొట్లాట మానేసి రాజీ పడ్డాయి. 1955లో పేటెంట్ ఫైజర్‌కి, లైసెన్స్ సయనమిడ్‌కి. మార్కెట్ కొద్ది కంపెనీల చేతుల్లోనే ఉండిపోయింది.

1958లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. ఆరియోమైసిన్ తయారయ్యేటప్పుడే టెట్రాసైక్లిన్ కూడా పుడుతుందా అన్నది పేటెంట్ ఆఫీసు ముందున్న కీలక ప్రశ్న. దానిపై విషయాలు దాచారన్నది ప్రధాన ఆరోపణ. కంపెనీలు కాదన్నాయి. ఏళ్ల తరబడి నడిచింది. 1968లో అప్పీల్ కోర్టు కమిషన్ వైపే నిలిచింది. అడిగినవాళ్లకి 2.5 శాతం రాయల్టీకి లైసెన్స్ ఇవ్వాల్సిందే! పేటెంట్ ఉన్నా సరే, అది వచ్చిన దారి తేడాగా ఉంటే పోటీ చట్టం చేయి వేస్తుందన్నమాట. ధరలు కుమ్మక్కయ్యారన్న క్రిమినల్ కేసు మాత్రం చివరికి నిలబడలేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? ఆ మందులు కొన్నవాళ్లలో భారత ప్రభుత్వం కూడా ఉంది. అప్పట్లో యాంటీబయాటిక్స్ ధరలు బాగా ఎక్కువున్న దేశాల్లో మనదొకటని కెఫావర్ నేతృత్వంలోని అమెరికా సెనేట్ కమిటీయే తేల్చింది. దాంతో ఫైజర్, సయనమిడ్ వగైరా కంపెనీలపై భారత్ అమెరికా కోర్టుకెక్కింది. విదేశీ ప్రభుత్వానికి ఆ హక్కే లేదని కంపెనీలు వాదించాయి. 1978 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5-3 తేడాతో హక్కు ఉందని తీర్పిచ్చింది. నష్టానికి మూడు రెట్లు అడగొచ్చంది.

అంటే సుబ్బారావు పనిచేసిన కంపెనీపై ఆయన సొంత దేశమే కేసు పెట్టింది. ఆ ఒప్పందాలతో ఆయనకేం సంబంధం లేదు, అప్పటికే పోయారు కదా. ఈలోపు ఇక్కడా చట్టం మారింది. 1970 పేటెంట్ చట్టం 1972 నుంచి అమల్లోకొచ్చి మందులపై ప్రొడక్ట్ పేటెంట్లు తీసేసింది. తయారీ పద్ధతికే పేటెంట్ మిగిలింది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. హైదరాబాద్ ఫార్మా కంపెనీలు పెరిగింది ఆ సందులోనే. 2005లో ప్రొడక్ట్ పేటెంట్లు మళ్లీ వచ్చేశాయి.