అన్నీ నేనే చేసి తీరాలా?

కొన్నేళ్ల కిందటి మాట. నర్సీపట్నంలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. తెల్లారుజామునే లేచి పది రకాలు వండాను. తీరా చూస్తే పప్పులో ఉప్పు మరిచిపోయాను. ఎవరూ ఏమీ అనలేదు, నవ్వుతూ ఉప్పు కలుపుకొని తినేశారు. నాకు మాత్రం ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. పప్పు కూడా చేతకానిదాన్నా అని కుమిలిపోయాను. మనలో చాలామందికి ఇది అనుభవమే కదూ! ఈ బాధకి మూలం ఎక్కడుందో నాకు తెలిసింది, మనసు వైద్యురాలు కరెన్ హార్నీ గురించి చదివాకే.

కరెన్ 1885లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర పుట్టారు. నాన్న ఓడ కెప్టెన్, మహా కోపిష్టి. ఆడపిల్లకి పెద్ద చదువులెందుకన్నాడాయన. అమ్మ అండగా నిలిచింది. అక్కడి విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడే ఆడవాళ్లకు తలుపులు తెరుస్తున్నాయి. 1906లో ఫ్రైబర్గ్‌లో వైద్యవిద్యలో చేరారు. 1909లో ఆస్కార్ హార్నీతో పెళ్లి, తర్వాత ముగ్గురు కూతుళ్లు. పిల్లల్ని పెంచుకుంటూనే డాక్టరు పట్టా తెచ్చుకున్నారు.

చదువు, కాపురం, పసిబిడ్డల మధ్య దిగులుతో కుంగిపోయినప్పుడు ఫ్రాయిడ్ శిష్యుడు కార్ల్ అబ్రహాం దగ్గర తనే చికిత్స చేయించుకున్నారు. 1920 నుంచి బెర్లిన్ మనోవిశ్లేషణ సంస్థలో పాఠాలు చెప్పారు. 1923లో అన్నయ్య పోయాడు. 1926లో భర్త నుంచి విడిపోయారు. 1932లో, నలభయ్యో పడి దాటాక, అమెరికా వెళ్లి కొత్త జీవితం మొదలుపెట్టారు.

ఆడవాళ్లకి మగపుట్టుక మీద అసూయ అన్నాడు ఫ్రాయిడ్. కరెన్ ఒప్పుకోలేదు. ఆడది కోరుకునేది మగవాడికి సమాజం ఇచ్చిన హక్కులూ, గౌరవమూ అని వాదించారు. 1939లో ఫ్రాయిడ్ సిద్ధాంతాలను విమర్శిస్తూ ఏకంగా పుస్తకమే రాశారు. ఫలితం? 1941లో న్యూయార్క్ మనోవిశ్లేషకుల సంఘం ఆవిడను శిక్షకురాలి హోదా నుంచి తప్పించింది. ఆవిడ లేచి బయటికి నడిచి, సహచరులతో కలిసి వేరే సంఘం పెట్టుకున్నారు.

మరి పెద్దవాళ్లకి ఆవిడ చేసిన వైద్యం ఎలాంటిది? చిన్ననాటి గాయాలను కొట్టిపారేయలేదు గానీ, వాటినే తవ్వుతూ కూర్చోలేదు. ఇవాళ ఎలా బతుకుతున్నామన్నదే ముఖ్యమన్నారు. లోపల భయంతో పెరిగినవాళ్లు పెద్దయ్యాక అందరికీ అణిగిమణిగి ఉంటారు, లేదా అందరితో తలపడతారు, అదీ కాకపోతే అందరికీ దూరంగా తప్పుకుంటారు. తామెలా ఉండాలో మనసులో ఓ బొమ్మ గీసుకుంటారు. అలసిపోకూడదు, కోపం రాకూడదు, అందరికీ నచ్చి తీరాలి... ఈ శాసనాలు మనిషిని నిరంకుశంగా ఏలుతాయని ఆవిడ గుర్తించారు. వచ్చినవాళ్ల చేత వాటిని ఒక్కొక్కటిగా పోల్చుకునేలా చేసి, వెనక నలిగిపోతున్న అసలు మనిషిని బయటికి రప్పించడమే ఆవిడ చికిత్స. ఎవరి మనసును వాళ్లే కొంతవరకు పరిశీలించుకోవచ్చంటూ 1942లో మరో పుస్తకం రాశారు.

1952 డిసెంబరులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. 1955లో న్యూయార్క్‌లో ఆవిడ పేరిట మనసు వైద్యశాల వెలిసింది.

మొన్న మళ్లీ చుట్టాలొచ్చారు. చారులో పులుపు ఎక్కువైంది. కాస్త వేడినీళ్లు కలుపుకోండి అనేసి నేనూ వాళ్లతోపాటే కూర్చుని తిన్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను!