గాజు పలకలు నిలబెట్టిన జీవితం

పాత ఫోటోలు చూస్తే మనందరికీ ఇష్టమే. ఫోటోలు తీయడం మీద ఇష్టంతోనే చరిత్రలో నిలిచిన ఒక మహిళ గురించి ఈ సంచికలో చెప్పుకుందాం. ఆమె అమెరికాకు చెందిన ఆలిస్ ఆస్టెన్.

ఆలిస్ 1866లో న్యూయార్క్ రేవు దగ్గరి స్టాటెన్ ఐలండ్‌లో జన్మించారు. ఆమె పుట్టకముందే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లీబిడ్డలకు తాతగారి ఇల్లే ఆధారమైంది. సుమారు పదేళ్ల వయసులో, ఓడ కెప్టెన్ అయిన ఒక బంధువు తెచ్చిన కెమెరా ఆమె చేతికి వచ్చింది. కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయిన మేనమామ ఫోటోలు కడగడం నేర్పారు. మేడమీది ఇరుకు గదే డార్క్‌రూమ్. అందులో నీళ్లు లేవు. గాజు పలకలను కిందికి తెచ్చి, బయట పంపు దగ్గర కడిగేవారు.

ఆ రోజుల్లో కెమెరా సామాను బరువు 20 కిలోల పైమాటే. దాన్ని సైకిల్ మీద పెట్టుకుని ఊరంతా తిరిగేవారు. బూట్లు పాలిష్ చేసే పిల్లలు, పేపర్లు అమ్మేవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు, చిత్తుగుడ్డలు ఏరేవాళ్లు ఆమె ఫోటోల్లోకి ఎక్కారు. ఈ వీధి మనుషుల చిత్రాలు 1896లో సంపుటిగా వచ్చాయి. ఓడల్లో వచ్చిన వలసజనాన్ని అంటురోగాల భయంతో ఆపి ఉంచే క్వారంటైన్ కేంద్రాన్ని పదేళ్లకు పైగా ఫోటోలు తీశారు. యూరప్ ప్రయాణాల్లోనూ కెమెరా వదల్లేదు. ఇందులో చాలావరకు ఉద్యోగం కోసం కాదు, ఇష్టం కోసం.

1929లో షేర్ మార్కెట్ కూలి ఆమె ఆస్తి కరిగిపోయింది. 1945లో ఇల్లు కూడా పోయింది. దశాబ్దాలుగా తోడున్న గెర్ట్రూడ్ టేట్‌కూ ఆమె దూరం కావలసి వచ్చింది. 1950లో, 84 ఏళ్ల వయసులో బీదల ఆశ్రమంలో చేరారు. అయితే ఇల్లు పోయిన రోజుల్లోనే స్థానిక చరిత్ర సంఘం ఆమె గాజు పలకలను భద్రపరచింది. 1951లో ఆ చిత్రాలు లైఫ్ పత్రికలో అచ్చయ్యాయి, ఒక పుస్తకంలోనూ వచ్చాయి. వచ్చిన డబ్బుతో ఆమె ఆశ్రమం విడిచి ఒక నర్సింగ్ హోమ్‌కు మారగలిగారు. 1952లో కన్నుమూశారు. ఆమె ఇల్లు తర్వాత మ్యూజియం అయింది.

ఈ జీవితం చదివాక మేము మా హాస్టల్ ఫోటోలు తిరగేశాం. అన్నీ వార్షికోత్సవం గ్రూప్ ఫోటోలే. తెల్లవారుజామున పొయ్యి వెలిగించే వంట అక్క, గేటు దగ్గరి వాచ్‌మన్ తాత, కుళాయి ముందు బకెట్ల వరుస ఒక్కదాంట్లోనూ లేవు. ఇప్పుడు చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి. పూర్వ విద్యార్థులారా, అలాంటి ఫోటో ఒక్కటి మీ పెట్టెలో ఉన్నా మాకు పంపండి. వచ్చే సంచికలో మొదటి పేజీ దానికే!