రైతు గొంతుకు బడి పెట్టిన ఆచార్య రంగా
ఇచ్ఛాపురం పాదయాత్ర నుంచి శ్రీకాకుళం ఎంపీ వరకు.. జిల్లాతో విడదీయరాని బంధం

రావివలస (టెక్కలి): ఎండల మల్లికార్జునుని క్షేత్రంగా పేరొందిన రావివలసకు చేరువగా, ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి మీదుగా దక్షిణానికి సాగే రహదారిపై నేడు లారీలు, బస్సులు క్షణం ఆగకుండా పరుగులు తీస్తుంటాయి. 1937-38 శీతాకాలంలో ఇదే ఇచ్ఛాపురం నుంచి రైతులు మద్రాసుకు కాలినడకన బయలుదేరారు. సుమారు రెండు వేల మంది పాల్గొన్న ఆ యాత్ర తొమ్మిది జిల్లాల గుండా 130 రోజులు, 1,500 మైళ్లు సాగింది. దారిపొడవునా వందలాది సభలు జరిగాయి. శిస్తులు, వెట్టి, అటవీ హక్కులు, జమీందారీ బాధలు.. పల్లెపల్లెనా రైతులు చెప్పుకున్న గోడు 1,100కు పైగా అర్జీలుగా మారింది. 1938 మార్చి 27న అవి మద్రాసు శాసనసభకు చేరాయి. తన కష్టాన్ని తానే కాగితంపై పెట్టి ప్రభుత్వం ముందుంచగలనన్న ధైర్యం నాటి రైతుకు ఒక్కరోజులో రాలేదు. దాని వెనుక ఏళ్ల తరబడి శ్రమించిన వారిలో అగ్రగణ్యుడు ఆచార్య ఎన్‌.జి.రంగా.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. పెద్ద చదువు చదివినవారు పల్లె వైపు తిరిగి చూడని కాలమది. రంగా మాత్రం గ్రామాల ఆర్థిక స్థితిగతులనే పరిశోధనాంశంగా చేసుకున్నారు. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టినా, ఆయన మనసు మాత్రం నిడుబ్రోలులోనే ఉంది.

1933లో స్వగ్రామంలో ఆయన రైతాంగ విద్యాలయాన్ని నెలకొల్పారు. అది పట్టాలిచ్చే బడి కాదు. సేద్యం చేసుకునే యువకులకు లోకజ్ఞానం నేర్పి, రైతు ఉద్యమ కార్యకర్తలుగా తీర్చిదిద్ది తిరిగి పల్లెలకు పంపేది. శిస్తు ఎందుకు పెరుగుతుందో, చట్టం ఏం చెబుతుందో, పండిన పంటకు ధర ఎందుకు దక్కదో తోటి రైతుకు వాడుక మాటల్లో చెప్పగలిగేవాడు ప్రతి ఊరికీ కావాలన్నది రంగా భావన. పట్నం నుంచి వచ్చి ఉపన్యసించి వెళ్లేవారితో ఆ పని కాదని ఆయన గ్రహించారు.

1936లో అఖిల భారత కిసాన్‌ సభ ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రధాన కార్యదర్శి ఆయనే. అదే సభ 1940 మార్చిలో పలాసలో జాతీయ మహాసభ జరుపుకుంది. దేశం నలుమూలల రైతు ప్రతినిధుల దృష్టి అప్పుడు ఈ తీరంపై పడింది. ఆ సభలు ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్‌ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కలప విషయమై తలెత్తిన ఘర్షణలో పోలీసు కాల్పులకు వీరగున్నమ్మ బలయ్యారు. అర్జీలతో తీరని బాధలు నెత్తురు చిందించిన సందర్భమది. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చేవరకు ఆ పోరు ఆగలేదు.

బారువకు చెందిన సర్దార్‌ గౌతు లచ్చన్న రంగాను గురువుగా భావించారు. 1951లో కాంగ్రెస్‌ను వీడి రంగా కృషికార్‌ లోక్‌ పార్టీని స్థాపించినప్పుడూ, 1959లో సహకార సేద్యం విధానాన్ని వ్యతిరేకించి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిర్మించినప్పుడూ ఆ అనుబంధం చెదరలేదు. ఉమ్మడి సేద్యం పేరిట రైతు చేతిలోని భూమి జారిపోతుందన్నది రంగా ఆందోళన. ఆ వాదనతో ఏకీభవించని వారు ఎందరో ఉన్నారు. అయితే ఢిల్లీలో తీసుకునే నిర్ణయం పొలం గట్టు మీద చర్చకు రావాలన్న ఆయన పట్టుదలను ఎవరూ కాదనలేరు. 1967లో లచ్చన్న వదులుకున్న శ్రీకాకుళం లోక్‌సభ స్థానం నుంచి ఉప ఎన్నికలో రంగా గెలుపొందారు. మూడు దశాబ్దాల క్రితం అర్జీలు బయలుదేరిన జిల్లాకు ఆయన ప్రతినిధి అయ్యారు.

అనంతరం తిరిగి కాంగ్రెస్‌లో చేరి, గుంటూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1991లో పద్మవిభూషణ్‌ అందుకున్నారు. 1995 జూన్‌ 9న కన్నుమూశారు. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆ తర్వాత ఆయన పేరు పెట్టారు. జిల్లాలోని నైర వ్యవసాయ కళాశాల, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం ఆ విశ్వవిద్యాలయం పరిధిలోనివే. వ్యవసాయ పట్టభద్రులయ్యే విద్యార్థులు చివరి ఏడాదిలో కొంతకాలం పల్లెల్లో ఉంటూ, రైతుల వెంట పొలాలకు వెళ్లి సేద్యం తీరు తెలుసుకుంటున్నారు.